పసుపు దిగిన గరిటెలు

"కస్టమర్లు ఎక్కడ దొరుకుతారు తాతయ్యా?" అని అడుగుతుంటారు ఈమధ్య నన్ను. చెక్కపని నేర్చుకుని, గరిటెలో గిన్నెలో చేతితో చేసి సొంతంగా అమ్ముకుందామనుకునే ఈ కాలం పిల్లలు. చదువుకున్నవాళ్ళే. చేతిలో ఫోను ఉంటుంది, ఒంట్లో ఓపిక ఉంటుంది, కొనేవాడు మాత్రం ఉండడు. నేనేదో గుట్టు దాచుకున్నట్టు నా మొహంలోకి చూస్తారు. నాకు తెలిసిన గుట్టు ఒక్కటే ఉంది. అది చెబితే నా పరువు పోతుంది. పోతే పోనీండి, డెబ్భై దగ్గర పడ్డాక పరువుతో ఊరేగాలా ఏంటి?

ధవళేశ్వరంలో ముప్పై అయిదేళ్ళపాటు గుమ్మాలూ తలుపులూ చేశాను నేను. మా నాన్నదీ అదే పని. ఉలి పట్టుకోవడం నేర్పడానికంటే ముందు ఆయన నాకొక మాట నేర్పాడు. "పనివాడు ఒకరి గుమ్మం తొక్కి పని అడక్కూడదురా. పనే మన పందిట్లోకి రావాలి" అనేవాడు. ఆ రోజుల్లో వచ్చేది కూడా. ఇల్లు కట్టేవాళ్ళు తాంబూలం పట్టుకొచ్చి పిలిచేవారు. సింహద్వారం ఎత్తిన రోజున కొత్త బట్టలు పెట్టేవారు. ఆ మర్యాదకి అలవాటు పడిపోయాను. ఇంతలో ఫ్యాక్టరీ తలుపులు వచ్చాయి. లోపల అట్ట, పైన టేకు చెక్క బొమ్మ అంటించిన కాగితం. పొద్దున్న చెబితే సాయంత్రానికి ఆటోలో దిగుతాయి. వాటిని తిట్టడం సులువే గానీ, రెండేళ్ళపాటు నేను చేసిన పనల్లా అదే. పందిట్లో కూర్చుని తిట్టుకోవడం.

మా పందిట్లో నాతోపాటు ఇంకొకాయన ఉండేవాడు. తరిమెన పని ఆయనది. అంటే చెక్కని గిరగిరా తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే పని. మంచం కోళ్ళు, ఉయ్యాల గొలుసు కర్రలు, మెట్ల పక్క కటకటాలు ఆయన చేతి మీద వెళ్ళేవి. పందిట్లోకి ఏ చెక్క కొనాలో, ఏది ఆరిందో ఏది ఆరలేదో చూసేదీ ఆయనే. నాకు చుట్టం కాదు. ఇరవై ఏళ్ళు ఒక పందిట్లో పొట్టు పీలిస్తే వరస దానంతటదే కలుస్తుంది. నేను ఆయన్ని బావా అనేవాణ్ణి, ఆయన నన్ను బావా అనేవాడు. చెక్క మీద ఉలి చేసే చప్పుడు విని, లోపల ముడి ఉందో లేదో చెప్పేవాడు మా బావ. అలాంటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు.

తలుపులు పోయాక, వంటింటి సామాను చేద్దామన్నది బావే. కవ్వాలు, పప్పుగుత్తులు, గరిటెలు, పీటలు. కాడ తరిమెన మీద ఆయన తీస్తే, గరిటె తల ఉలితో నేను తీసేవాణ్ణి. సామాను బ్రహ్మాండంగా వచ్చింది. కొనేవాళ్ళే రాలేదు.

మా మేనకోడలు ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది. బొటనవేళ్ళూ దండాలూ బోలెడు వచ్చాయి. బోణీ మాత్రం కాలేదు. "మావయ్యా, ఇంకో రెండు రోజులు చూద్దాం" అనేది ఆ పిల్ల రోజూ. ఆదివారాలు కడియం వెళ్ళి నర్సరీల పక్కన బల్ల వేశాం. ఎక్కడెక్కడి నుంచో కార్లలో వస్తారు కదా, మన గరిటె కూడా ఒకటి ఎక్కకపోతుందా అని ఆశ. మొక్కల కోసం వచ్చినవాళ్ళు మొక్కలే కొంటారని అక్కడికెళ్ళాక తెలిసింది. ఒకావిడ మా బావ చేసిన పప్పుగుత్తిని అటూ ఇటూ తిప్పి, "ఇది తిరగేసి గుచ్చితే గులాబీకి ఊతంగా ఉంటుందా అండీ?" అంది. బావ మొహం చూడాలి అప్పుడు. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాడు.

ఆ రోజే తిరిగొస్తూ బస్సులో చెప్పాడు. "బావా, నాకు యాభై ఎనిమిదేళ్ళు. మీ చెల్లి మందులు ఆగవు. భీమవరం వైపు రొయ్యల చెరువులాయనొకడు కాపలాకి పిలుస్తున్నాడు. కాలవలు వదిలేలోపు మనకి నాలుగు ఆర్డర్లు కనబడితే సరేసరి. లేకపోతే నేను చెరువుగట్టుకి వెళ్ళిపోతాను."

వేసవిలో మా కాలవలు కట్టేస్తారు. మళ్ళీ వానల ముందు నీళ్ళు వదులుతారు. అంటే నాకు నిండా రెండు నెలలు కూడా లేవు. ఆ చేతులు చెరువు మీద నీటికాకుల్ని తోలడానికి పోతాయంటే నాకు గుండెల్లో రాయి పడింది. కానీ వెళ్ళి ఎవరి గుమ్మమైనా తొక్కానా? లేదు. నాన్న మాట ఉందిగా! పందిట్లో కూర్చుని దేవుడి మీద భారం వేశాను.

దేవుడు పంపినట్టే ఒక టీచరు గారు వచ్చారు. రిటైరయ్యారు. వాళ్ళ కింది ఇంటి తలుపులన్నీ పాతికేళ్ళ కిందట నేను చేసినవే. ఇప్పుడు పైన అంతస్తు వేశారు.

"ఏమీ అనుకోకండి. పైకి రెడీమేడ్ తలుపులు తెచ్చేశాడు మా అబ్బాయి. నాకైతే మీ చేతే చేయించాలని ఉండింది" అన్నారు పాపం, నిలబడే.

"అయ్యో, దానికేముందండి" అన్నాను. కడుపులో మండింది, అది వేరే సంగతి.

"గృహప్రవేశానికి వచ్చిన ముత్తైదువులకి ప్లాస్టిక్ డబ్బాలు ఇవ్వడం నాకిష్టం లేదు. చెక్క గరిటె ఒక్కొక్కటి ఇస్తాను. నలభై కావాలి. మూడు వారాల్లో అవుతాయా?"

బల్ల మీద ఉన్న ముక్కల్లో పనస చెక్క ముక్క ఒకటి తీసి, బంగారంలా ఉంది, ఇదే చెక్కతో చెయ్యమన్నారు. నేను ఆయ్ అనేశాను.

ఆవిడ వెళ్ళగానే బావ తల అడ్డంగా ఊపాడు. "పనస పసుపు దిగుద్ది బావా. ఆ చెక్క కాలవలో నానాలి, నీడన ఆరాలి. కాలవలో ఇప్పుడు బురద తప్ప ఏవుంది? వేరే చెక్క చేద్దాం, ఆవిడకి నచ్చజెప్పు."

"గుమ్మానికైతే నానబెట్టాలి గానీ గరిటెకి కూడానా? కొబ్బరినూనె పట్టిస్తే సరిపోద్ది."

"గుమ్మాన్ని ఎవడైనా పాలల్లో ముంచుతాడా? గరిటెనే ముంచుతారు."

ఎంత సుబ్బరమైన మాటో చూడండి. ముప్పై అయిదేళ్ళు గుమ్మాలు చేసిన బుర్రకి అది ఎక్కలేదు. గుమ్మానికి రంగు దిగితే గోడకి అంటుతుంది, సున్నం వేస్తే పోతుంది. నాకు తెలిసిన లోకం అంతే. పైగా చేతికొచ్చిన ఒక్క ఆర్డరూ జారిపోతుందని భయం. "చెక్క సంగతి నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు" అన్నాను. తెలీదు. ఆయనకి తెలిసినంత నాకు ఎప్పుడూ తెలీదు. ఆ మాటకి బావ తరిమెన దగ్గరికి వెళ్ళి కాడలు తియ్యడం మొదలుపెట్టాడు.

గృహప్రవేశానికి మా ఇద్దరినీ పిలిచారు. పాతకాలపు మనిషి కదా, ఇద్దరికీ బట్టలు కూడా పెట్టారు టీచరు గారు. గరిటెలు వరసగా పళ్ళెంలో పేర్చి, పక్కన పసుపూ కుంకుమా అరటిపళ్ళూ పెట్టారు. వచ్చినవాళ్ళందరూ చేతిలోకి తీసుకుని బావుంది బావుంది అంటుంటే నేను కండువా సర్దుకుంటూ తిరిగాను. అందరూ ఆ వీధీ, పక్క వీధుల ఆడవాళ్ళే. నలభైకి నలభై తాంబూలాలతోపాటు వెళ్ళిపోయాయి.

పాలు పొంగాయి. ఆ పాలల్లోనే బియ్యం వేసి పరమాన్నానికి పెట్టారు. "మన గరిటెతోనే కలుపుతానండీ" అని టీచరు గారు, లెక్కకి పైన తనకని మేమిచ్చిన గరిటె చూపించి, నావైపు చూసి నవ్వారు. ఓ పావుగంట కలిపారేమో. బెల్లం ఇంకా వెయ్యలేదు. వాళ్ళ అత్తగారు, తొంభై ఏళ్ళావిడ, కుర్చీలోంచి వంగి గిన్నెలోకి చూసింది.

"ఇదేంటే, పరమాన్నంలో పసుపేశారెవరు?"

తెల్లగా ఉండాల్సిన పాలు పచ్చగన్నేరు పువ్వు రంగుకి తిరిగాయి. టీచరు గారు గరిటె పైకెత్తారు. దాని కొస నుంచి పచ్చటి చుక్కలు కారుతున్నాయి. గదిలో అందరూ గరిటెని చూసి, తర్వాత నన్ను చూశారు. బావ నా పక్కనే ఉన్నాడు, కొత్త పంచెలో.

"చెక్క చూసేది మా బావేనండి. తొందరపడ్డాడు" అన్నాను.

అనేశాను. నోట్లోంచి వచ్చేసింది. ఎవరూ నన్ను కొట్టబోలేదు, తిట్టబోలేదు. పెద్దావిడైతే, "పోనీలెద్దూ, పసుపేగా, శుభమే. బెల్లం వేస్తే కనబడదు" అని నవ్వేసింది కూడా. ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే నవ్వుతో పోయేదానికి, ఇరవై ఏళ్ళు తోడున్న మనిషిని అమ్ముకున్నాను. బావ నన్ను చూడలేదు. కండువాతో చేతులు తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. భోజనం చెయ్యలేదు. నేను మాత్రం కూర్చుని తిన్నాను, సిగ్గులేకుండా. ఏం తిన్నానో మాత్రం తెలీదు.

మర్నాడు పందిట్లోకి వచ్చి తన ఉలులు గోనెసంచిలో సర్దుకుంటున్నాడు.

"బావా, తప్పయిపోయింది" అన్నాను.

"చెక్కలో పసుపు నీళ్ళల్లో వేస్తే దిగుద్ది. నిన్న నువ్వన్న మాట ఏ కాలవలో వేస్తే దిగుద్దో చెప్పు, వేద్దాం." కోపంగా కూడా అనలేదు. "చెరువులాయనకి ఫోన్ చేశాను. నాలుగు రోజుల్లో రమ్మన్నాడు."

"ఒక్క రోజు నాతో రా. ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను. ఎక్కడికి అనడిగాడు. గరిటెలు వెనక్కి తెద్దామన్నాను. నలభై ఇళ్ళకీనా అన్నాడు. నలభైకీ అన్నాను. బావ సంచి మూతి కట్టడం ఆపి నావైపు ఎగాదిగా చూశాడు. ఒకరి గుమ్మం తొక్కని మనిషినని నేను ఇరవై ఏళ్ళు కోసిన కోతలన్నీ విన్నది ఆయనే కదా.

మొదట టీచరు గారింటికే వెళ్ళాం. గుమ్మంలో నిలబడి చెప్పాను. "అమ్మా, నిన్న నేనన్నది అబద్ధమండి. ఈయన వద్దన్నాడు. కాలవ నీళ్ళు లేనప్పుడు పనస చెయ్యకూడదన్నాడు. నేనే వినలేదు. తప్పు నాదండి. గరిటెలన్నీ వెనక్కి తీసుకుని, మంచి చెక్కతో మళ్ళీ చేసిస్తాం." ఆవిడ బావ వైపు తిరిగి, "భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఇవాళైనా కాఫీ తాగండి" అన్నారు. గరిటెలు ఎవరెవరికి ఇచ్చారో తలుచుకుని తలుచుకుని కాగితం మీద ఇంటిగుర్తులు రాసిచ్చారు.

రెండో ఇంట్లో చీవాట్లు పడ్డాయి. "మా మనవడి పెరుగన్నం పచ్చగా చేశారు కదండీ, వాడి మూతి పచ్చబడితే కామెర్లేమోనని హడలి చచ్చాం" అందావిడ. తలొంచుకుని విని, నా పాఠం నేను అప్పజెప్పాను. తప్పు నాదండి, ఈయన వద్దన్నాడండి. మూడో ఇంట్లోవాళ్ళు అప్పటికే గరిటె పారేశారు. నాలుగో ఆవిడ ఇవ్వనంది. "మేం పులిహోర కలుపుకుంటాం. దానికెలాగూ పసుపు వెయ్యాలిగా" అంది. అన్నాళ్ళ తర్వాత బావ నవ్వాడు.

అయిదో ఇంటి ముందు ఆగాను. సింహద్వారం నాది. పైన హంసల చెక్కడం చూడగానే గుర్తుపట్టాను. ఆ ఇంటి పెద్దాయన బయటికొచ్చి, "ఓరి, మీరా! పాతికేళ్ళకి గుర్తొచ్చామా?" అని లోపలికి లాక్కెళ్ళాడు. గరిటె సంగతి చెబితే, "అది సరే గానీ ఇలా రండి" అని తలుపు వెనక్కి తీసుకెళ్ళి, ఓ మూల వేలితో చూపించాడు. చెక్కలో చీలిక. దానిమీద లప్పం పెట్టి రంగు వేసింది నేనే. పాతికేళ్ళకి లప్పం రాలి చీలిక బయటపడింది. "ఇది మీకు అప్పుడే తెలుసా?" అన్నాడు. తెలుసండి అన్నాను. ఆ రోజు నిజం చెప్పడం అలవాటైపోయింది నాకు. ఆయన పెద్దగా నవ్వి, "అయితే ఇది బాగుచెయ్యండి. మా ఆవిడ పీట కాలు ఊడింది, అదీ చూడండి" అన్నాడు.

అక్కడి నుంచి మొదలైంది. నలభై ఇళ్ళలో సగానికి పైగా నా తలుపులున్నాయి. ఆ తలుపు అవతల ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు. గుమ్మం ఎత్తి, బట్టలు పెట్టించుకుని, వెనక్కి తిరిగి వచ్చేసినవాణ్ణి. ఇప్పుడు వంటింటి దాకా వెళ్ళాను. ఒకరి కవ్వానికి రెక్క విరిగింది. ఒకరికి ఉయ్యాల బల్ల పాతబడింది. ఒకావిడకి చేతులు నొప్పి, ఇనప పప్పుగుత్తి బరువు, తేలిగ్గా ఒకటి కావాలి. ఇంకొకరికి దేవుడి మందసానికి తలుపు లేదు. ఒకరు చెప్పింది విని పక్కింటివాళ్ళు పిలిచారు. నేనెవర్నీ పని అడగలేదు. మాది తప్పండి అని చెప్పడానికి వెళ్ళాను, అంతే. "తప్పు చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగేవాడు చెక్క బాగానే పెడతాడులెండి" అందొకావిడ నా ఎదురుగానే. మెచ్చుకున్నట్టో దెప్పినట్టో ఇప్పటికీ తెలీదు.

ఒక్క రోజన్న బావ నాలుగు రోజులు వచ్చాడు. మొదటి రోజు నా వెనక రెండడుగులు దూరంగా నడిచాడు. నేను "ఈయన వద్దన్నాడండి" అన్నప్పుడల్లా గోడవైపు చూసేవాడు. రెండో రోజు చేతులు నొప్పి ఉన్నావిడ దగ్గర కూర్చుని, ఆవిడ పిడికిలి మూయించి, ఎంతవరకు మూసుకుంటుందో పురికొసతో కొలత తీశాడు. ఆ కాడ ఎంత లావుండాలో ఆవిడకి కాదు, నాకు చెప్పాడు. పరమాన్నం రోజు తర్వాత నాతో పని మాట మాట్లాడడం అదే మొదలు. మూడో రోజు సాయంత్రం ఒక ఇంటి మెట్లు దిగుతూ, "ఇంక ఆ మాట ఆపు బావా. వినీ వినీ నాకే సిగ్గేస్తోంది" అన్నాడు. నేను ఆపలేదు. ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి మరి.

పిల్లలూ, కస్టమర్లు ఎక్కడున్నారంటే అక్కడే ఉన్నారు. మీ చేతి వస్తువు ఇప్పటికే ఉన్న ఇళ్ళల్లో. వెళ్ళి, అది ఎలా ఉందో, ఎక్కడ ఊడిందో అడగండి. అందుకోసం మీరు ఎవరి పరమాన్నమూ పాడుచెయ్యక్కర్లేదు, నేను చేశానుగా. మా నాన్న మాట తప్పని కూడా నేను అనను. పని అడగడానికి ఒకరి గుమ్మం తొక్కకూడదన్నాడాయన. చేసిన పని ఎలా ఉందో చూడ్డానికి కూడా తొక్కకూడదని ఎప్పుడూ అనలేదు. అది నేను నా గొప్ప కొద్దీ తగిలించుకున్నది.

నాలుగో రోజు మధ్యాహ్నం కాలవకి నీళ్ళు వదిలారు. ముందు నురగా చెత్తా వచ్చి, వెనక ఎర్రటి నీళ్ళు నిండుగా వచ్చాయి. మేం పనస దుంగలు, పలకలు బండి మీద వేసుకుని గట్టుకి వెళ్ళాం. కొత్త గరిటెలకి ఎలాగూ వేరే చెక్క తెచ్చాం. ఈ పనస ఏమవుతుందో నాకు తెలీదు. ఎవరి కోసం నానేస్తున్నానో కూడా తెలీదు. బావ సంచి ఇంకా మూతి కట్టి పందిట్లోనే ఉంది. చెరువులాయన పెట్టిన గడువు రేపే. ఆ మాట ఎత్తడానికి నాకు ధైర్యం లేదు.

బావ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, పలకలకి తాళ్ళు కడుతున్నాడు. గట్టు మీద ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి చెవికి పెట్టమన్నట్టు తల ఆడించాడు. నేను వంగి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. చెరువులాయన గొంతు నాకూ వినబడుతోంది. బావున్నావా, రేపు పొద్దున్న బస్సుకి వస్తున్నావా అని అడుగుతున్నాడు.

"ఆయ్, బావున్నానండి" అన్నాడు బావ, తాడు ముడి బిగిస్తూనే. "రేపు రాలేనండి. చెక్క కాలవలో వేశానండి. నానడానికి రెండు నెలలు, ఆరడానికి నాలుగు. ఆర్నెల్ల దాకా నేను కదలడానికి లేదండి."

ఫోను ఆగిపోయింది. బావ తాడు చివర నా చేతిలో పెట్టి, "చూస్తావేంటి, గుంజకి కట్టు" అన్నాడు. కట్టాను.

చేతులు వణకడం మొదలై నేను ఉలి దించి రెండేళ్ళయింది. ఇప్పటికీ ఏటా కాలవ నీళ్ళు రాగానే బావ నన్ను గట్టు మీద నిలబెట్టి, తాడు చివర నా చేతికే ఇస్తాడు. ఆర్నెల్ల దాకా కదలడానికి లేదని ఆయన చెప్పి తొమ్మిదేళ్ళు దాటింది. ఇంకా కదల్లేదు.